నాయిన కొలిచిన చెయ్యి

చండ్రుగొండలో మా షెడ్డు కూల్చే ముందు తమ్ముడు నర్సింహ ఫోన్ చేశాడు. "అక్కా, రేకులు ఇప్పిస్తున్న. నీకేమన్నా కావాల్నంటే వచ్చి చూస్కో. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. నాయిన పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యేదాకా వాడు ఆగడమే ఎక్కువ. రోడ్డు వైపు షట్టర్లు వేసి కిరాయికి ఇచ్చుకుంటాడట. వాడి సంసారం వాడిది, నేనెందుకు అడ్డం పడతాను? ఆ షెడ్డులోంచి నాకు కావలసిందేమీ లేదనే అనుకున్నాను. అయినా మర్నాడు పొద్దున్నే కల్లూరులో బస్సెక్కాను. దారి పొడుగునా ఆయిల్‌పామ్ తోటలు, అవి అయిపోతే జామాయిల్ చెట్లు. చిన్నప్పుడు చలి మొదలయ్యే రోజుల్లో ఇదే దారిన కిటికీ తెరిస్తే పాలు పట్టిన జొన్న చేల వాసన లోపలికి వచ్చేది. ఇప్పుడు దుమ్ము వస్తుంది. కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి నా కుడి చేతిలో పెట్టబోయాడు. చీర కొంగు కింద అక్కడ చెయ్యి లేదని చూసి తడబడి, టికెట్టు నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు. నాకు అలవాటే. అతనికి అలవాటు లేదు, పాపం.

నేను వెళ్లేసరికి సగం రేకులు దిగిపోయాయి. ఎన్నడూ ఎండ చూడని నేల మీద ఎండ పడి, నూనె మరకలన్నీ బయటపడ్డాయి. కూలీలు పనికిరాని కర్రా చెత్తా ఒక మూలకు తోసి మంట పెట్టారు. దూలానికీ గోడకీ మధ్య దోపిన ఒక వెదురు బద్దను నర్సింహ లాగి, ఇటూ అటూ తిప్పి చూసి, మంట వైపు నడిచాడు. పొగచూరి నల్లబడ్డ బద్ద. ఒక కొసన చిన్న గాటు ఉంది, హాక్సా బ్లేడుతో పెట్టింది. నేను వాడిని ఆపాను.

"గిదేందక్కా, తడిక బద్దనేనాయె."

"అది నా చెయ్యిరా" అన్నాను.

వాడు నా కుడి వైపు కొంగును చూశాడు. తర్వాత బద్దను తన లుంగీకి తుడిచి నాకిచ్చాడు.

మా ఇల్లూ షెడ్డూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. అందుకే మా ఇంట్లో ఏ కూర వండినా కాలిన ఇనుము వాసన కలిసేది. పప్పులో పోపు పడితే షెడ్డులో నాయినకు తుమ్ము వచ్చేది, అక్కడ వెల్డింగ్ మొదలైతే ఇక్కడ అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. నాయిన పని దిగాక ముందు కిరసనాయిలుతో, తర్వాత తవుడుతో చేతులు రుద్దుకుని కడుక్కునేవాడు. ఆ తవుడు వాసనతోనే జొన్నరవ్వతో వండిన గటక గిన్నె ముందు కూర్చునేవాడు. ఉల్లిగడ్డ గుద్ది పగలగొట్టి, ఒక ముద్ద తిని, రెండో ముద్ద మర్చిపోయి, గిన్నె అంచున మిగిలిన గటకలో వేలితో ఏదో గీసేవాడు. చక్రమో, గొలుసో, పట్టీయో. ఆ గీత ఆయన కళ్లకు నచ్చితే లేచి సుద్దముక్క తీసుకుని ఇంటి నేల మీదే అసలు కొలతకు గీసేసేవాడు. షెడ్డులో నేల గతుకులు, వంటింటి నేల నున్నగా ఉంటుందని ఆయన వాదన. అమ్మ పేడతో అలికిన నేల అది. మిషన్ పూర్తయ్యేదాకా దాన్ని ఊడవడానికి వీల్లేదు. "నీ మిషన్ను దాటుకుంట ఎసరు పెట్టాల్నా నేను? పొయ్యి దగ్గరకు మాత్రం నీ సుద్ద రానియ్య" అని అమ్మ రోజూ గొడవ పడేది. నాయిన వినేవాడు, పొయ్యి దాకా వచ్చి ఆగేవాడు. ఆయన సర్దుకుపోయిన హద్దు ఇంట్లో అదొక్కటే.

నాయనమ్మ ఆ గీతల పక్కనే నులకమంచం మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చునేది. తాత కాలంలో తిత్తులు ఊది కొలిమి నడిపిన మనిషి. కొడుకు చేసిన ప్రతి వస్తువునూ అనుమానంగానే చూసేది. కొత్త మిషన్ ఏది తయారైనా ముందు దానికి కుంకుమ బొట్టు పెట్టి, పక్కన కూర్చుని కాసేపు చూసి, "దీనికి పానం లేదు గాని ఆకలున్నది" అనేది. మేము నవ్వేవాళ్లం. నాయిన మిషన్ భాగాలకు పేర్లు కూడా మనిషివే పెట్టుకునేవాడు. కంకులు వేసే చోటు నోరు, డ్రమ్ము తిరిగే చోటు కడుపు. తర్వాత్తర్వాత గొంతు అనే మాట కూడా వచ్చి చేరింది. అది ఎట్లా వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఆ ఏడు ఎండల్లో రాజశేఖరం సారు జీపు వేసుకుని మా షెడ్డుకు వచ్చాడు. ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తున్నాడు, గూడేల్లో ఆడవాళ్ల శ్రమ తగ్గించే చిన్న నూర్పిడి మిషన్ తయారు చేయాలని ఆయన పట్టుదల. పెద్ద థ్రెషర్లు ట్రాక్టరు లేనిదే నడవవు, అడవి దారిలో పోవు. ఎడ్లబండి మీద పట్టేది, చిన్న డీజిల్ ఇంజన్‌తో తిరిగేది కావాలి. సారు మంచివాడు. మాట్లాడేటప్పుడు కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుంటూ ఉండేవాడు, వినడానికి మాత్రం పెట్టుకునేవాడు. ముందు గీయడం కాదు, ముందు అడగాలి అనేవాడు. నన్నూ నాయిననూ వెంటబెట్టుకుని భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ముత్తయ్య పటేల్ గూడేనికి తీసుకుపోయాడు. ముత్తయ్య ఆ కోయగూడేనికి పెద్ద. కొడవళ్లకు పదును పెట్టించుకోవడానికి ఎన్నో ఏళ్లుగా మా షెడ్డుకే వచ్చేవాడు. సారు ఆడవాళ్లను కూర్చోబెట్టి జొన్న కొట్టేటప్పుడు ఎక్కడ నొప్పి పుడుతుందని అడిగితే వాళ్లు ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. అలాంటి ప్రశ్న వాళ్లను అంతకు ముందు ఎవరూ అడిగి ఉండరు. నవ్వు ఆగాక ఒకామె లేచి వెనక్కి తిరిగి, నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది.

ఆ వానాకాలమంతా మా ఇంట్లో పండగలాగే ఉంది. ఆ రోజులను తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం కలుగుతుంది, ఆ సంతోషం మీద నాకు కోపం కూడా వస్తుంది. నాయిన నేల మీద సుద్దతో గీస్తే, నేను దాన్ని చిన్నది చేసి కాగితం మీదకు ఎక్కించేదాన్ని. సారు ఇచ్చిన స్కేళ్లు, పెన్సిళ్లు. "ఈ అమ్మాయి చెయ్యి చూడు మేస్త్రీ, గీత వణకదు. పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సుకు నేను మాట్లాడతా" అన్నాడు ఒకరోజు. నేను ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు, అంత ఆనందం. కాగితం తర్వాత అట్టముక్కలతో నమూనా కట్టారు. కిరాణా కొట్టు నుంచి బిస్కెట్ డబ్బాలు అడిగి తెచ్చి, మైదా ఉడికించి అతికించాం. తర్వాత కర్రతో, ఆ తర్వాతే ఇనుముతో. ఇంట్లో ఉన్న నాలుగు పాత కంకులు వేస్తే మొదటి డ్రమ్ము గింజను పిండి చేసేసింది. పళ్ల మధ్య సందు పెంచితే రెండోది కంకిని కంకిలాగే బయటికి ఉమ్మింది. జల్లెడ మార్చారు, పంఖా మార్చారు. చెడిపోయినప్పుడల్లా సారు నవ్వుతూ కళ్లద్దాలు తుడుచుకునేవాడు. "చెడితేనే గదా మేస్త్రీ తెలిసేది" అనేవాడు. నాయిన నవ్వకుండా తలూపేవాడు, కాని నాకు తెలుసు, లోపల ఆయన కూడా నవ్వుతున్నాడు.

మిషన్ తిరుగుతోంది, ఇక మూటల కొద్దీ కంకులు కావాలి. అక్కడే చిక్కు వచ్చింది. చేలల్లో జొన్న కంకి ముదిరింది, కాని గూడెంలో ఇంకా కొత్తల పండగ కాలేదు. పండగ చేసి, వేల్పుకు కొత్త గింజ పెట్టి, ఊరంతా తిన్నాకే ఆ ఏటి పంట మీద చెయ్యి పడాలి. అంతవరకు కొత్త కంకి విరవరు, నలపరు, నోట పెట్టరు. సారు కల్లూరు వైపు చేలనుంచి కొత్త కంకులు తెప్పిద్దామన్నాడు. నాయిన ఒప్పుకోలేదు.

"ఆ మిషన్ పొయ్యేది వాళ్ల కళ్లంలకు సారూ. పండగ గాక ముందుగాల కొత్త గింజ తగిలిన మిషన్ను వాళ్లు ఊర్లకు రానియ్యరు. రానిచ్చినా, నాకు మనసొప్పది."

ఈ మాట ముత్తయ్య చెవిన పడింది. మూడోనాడు ఆయనే నడిచి మా షెడ్డుకు వచ్చాడు, భుజం మీద మూట. విప్పితే జొన్న కంకులు. కిందటి ఏటివి, విత్తనానికని ఏరి, పొయ్యి మీద వాసానికి వేలాడదీసి ఏడాది పొడుగునా పొగ పట్టించినవి. గూడెంలో ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చాడు. "గివి పాతయి, వీటికి అడ్డం లేదు. మా ఆడోళ్ల కోసం చేస్తున్నరు గదా, విత్తనం మళ్ల చూస్కుంటం" అన్నాడు. విత్తనం ఇచ్చేయడం అంటే ఏమిటో అడవి పక్కన బతికినవాళ్లకు తెలుసు. నాయిన లేచి ఆయనకు దండం పెట్టాడు. సారు ఒక కంకిని చేతిలో నలిపి చూశాడు. గింజలు పటపటా రాలాయి.

"బాగా పెళుసెక్కాయి మేస్త్రీ. కొత్తవి ఇట్లా ఉండవేమో" అన్నాడు.

"కోసినంక రెండ్రోజులు ఎండబెడితె అన్నీ గిట్లనే అయితయి. జొన్న జొన్ననే గద సారూ."

ముగ్గురం ఆ మాటను నమ్మాం. నమ్మకపోవడానికి కారణం కనబడలేదు.

పొగ కంకులతో పరీక్షలు ఎంత బాగా జరిగాయో చెప్పలేను. కంకి నోట్లో పెట్టడమే ఆలస్యం, లోపలికి జారిపోయేది. అవతలి నుంచి గింజ ధారగా పడేది. షెడ్డంతా పాత పొయ్యి వాసన, వాసాల మసి వాసన. కంకి అంత తేలిగ్గా జారిపోతుంటే, నోరు పొట్టిగా ఉన్నా ఎవరికీ తేడా తెలియలేదు. నేల మీద గీసేటప్పుడు నోటి గీత పొయ్యి దాకా వచ్చి ఆగిపోయింది, నాయిన "సాలు" అనుకున్నాడు, అంతే. ప్రతి పరీక్షలోనూ కంకులు వేసింది నేనే. బక్కపల్చటి నా బిడ్డ వెయ్యగలిగితే ఏ ఆడమనిషైనా వెయ్యగలదని నాయిన లెక్క. అప్పుడప్పుడు ఒక కంకి అంచున ఆగితే అరచేత్తో చిన్నగా తట్టేదాన్ని. అది పోయేది. అట్లా తట్టడం నాకు అలవాటైంది. ఆ అలవాటును వాళ్లు చూశారు, మెచ్చుకున్నారు కూడా.

పండగ అయింది. మూడోనాడే కాలేజీ నుంచి పెద్దలు గూడేనికి వచ్చి మిషన్ను చూస్తారని సారు చెప్పాడు. కోసిన కంకులు ఎండలో పోశారుగాని ఎండే లేదు, రెండు రోజులూ మబ్బు. పొద్దున కళ్లంలో కాలు పెడితే చెప్పులు మంచుకు తడిశాయి. ముత్తయ్య మిషన్‌కు పసుపు రాసి దండ వేశాడు. నాయనమ్మ కూడా బండిలో వచ్చి, బొట్టు పెట్టి పక్కకు కూర్చుంది. నేను కొత్త మట్టిగాజులు వేసుకున్నాను, పెద్దలు వస్తున్నారని. ఇంజన్ మొదలైంది. మొదటి కంకులు పోయాయి, గింజ పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. కొత్త కంకులకు పచ్చి కాడ ఉంది. ఆ కాడలు తెగకుండా డ్రమ్ముకు తాడులా చుట్టుకోవడం మాకెవరికీ కనబడలేదు, కడుపు మూసి ఉంటుంది కదా. నోట్లో కంకుల ముద్ద ఆగిపోయింది. నేను తట్టాను. పోలేదు. ఇంకాస్త లోపలికి తట్టాను. ఆ ముద్ద మొత్తం ఒక్కసారిగా లోపలికి పోయింది, నా చెయ్యి దానితో పాటు పోయింది. ముందు గాజుల చప్పుడు వినబడింది. నాయిన బెల్టు లాగి పారేశాడు, ఎవరో ఇంజన్ ఆపారు, డ్రమ్ము మాత్రం దాని ఊపున అది ఇంకా తిరిగింది. అది ఆగేదాకా అందరూ నిలబడి చూడాల్సి వచ్చింది. ఇంతకంటే చెప్పను. అజాగ్రత్తగా ఉన్నావా అని నన్ను చాలామంది అడిగారు. లేదు. వాళ్లు నేర్పినట్టే చేశాను, నేర్పింది కూడా నాకు చెడు జరగాలని కాదు.

భద్రాచలం దవాఖానాలో మణికట్టు పైదాకా తీసేశారు. స్పిరిటు వాసన, కిటికీలోంచి గోదారి మీది తడిగాలి, పక్క మంచం వాళ్ల పులిహోర వాసన కలిసి నాకు వాంతి వచ్చేది. అమ్మ రెండు రోజులుండి, ఇంటికి పోయి వస్తానని వెళ్లింది. తర్వాత తెలిసింది, వెళ్లగానే గడ్డపార తీసుకుని వంటింట్లో పొయ్యిని పెళ్లగించి అవతలి మూలకు మార్చిందట. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. చనిపోయేదాకా చెప్పలేదు. నాయిన మాత్రం నా మంచం పక్కనే నేల మీద కూర్చుని ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఎక్కడినుంచో ఒక వెదురు బద్ద తెచ్చాడు. నా ఎడమ చెయ్యి చాపమని సైగ చేశాడు. బద్ద ఒక కొసను చంకలో ఆనించి, రెండో కొసను వేళ్ల దాకా సాగదీసి, నడిమి వేలి చివర బొటనగోటితో నొక్కిపెట్టాడు. అమ్మ బదులు వచ్చి నా కాళ్ల దగ్గర మంచం మీద కూర్చున్న నాయనమ్మ అది చూసి దిగ్గున లేచింది.

"ఏం జేస్తున్నవ్ రా? పండుకున్న మనిషిని కొలుస్తరా? పాడె కట్టేటప్పుడు కొలుస్తరు గట్ల. తియ్యి, నీ చేతులు పడిపోను."

నాయిన తియ్యలేదు. గుర్తు పెట్టుకునేదాకా గోరు కదపలేదు. ఆయన కన్నీళ్లు నా మోచేతి మీద పడ్డాయి. నాయిన ఏడవగా నేను చూసింది అదొక్కసారే. నేను ఆయన తలను తాకబోయాను, కుడి చేత్తో.

ఇంటికి వచ్చేసరికి వంటింటి నేల మీద సుద్ద గీత పొయ్యి ఉండిన చోటును దాటి గోడ దాకా పోయింది. నోటికీ కడుపుకీ మధ్య పొడుగాటి రేకు గొట్టం, నాయిన దానికి గొంతు అని పేరు పెట్టాడు. మనిషి ఎంత చెయ్యి చాపినా డ్రమ్ముకు అందకూడదు, కంకిని ముందు కంకి మాత్రమే తొయ్యాలి. బద్ద గాటుకు సరిగ్గా గొంతు పొడవు. సారు వచ్చి, చాలాసేపు నా ముఖం చూడలేక గీతల వైపే చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "మంచి ఆలోచన మేస్త్రీ. కాని ఒక్క చెయ్యి కొలత చాలదు. గూడెంలో పది మందివి కొలుద్దాం, పొడుగోళ్లవి, పొట్టోళ్లవి."

"నాకు గీ ఒక్క చెయ్యి సాలు సారూ" అన్నాడు నాయిన.

నేను తలుపు వెనక నిలబడి ఆ మాట విన్నాను. ఎంత ఏడ్చానో. నా తండ్రికి లోకంలో నా చెయ్యి ఒక్కటే ఉందని నాకు అనిపించింది. చాలా ఏళ్లు ఆ ఒక్క మాట పట్టుకునే బతికాను. సారు ఇంకేం అనలేదు, ఆ ముఖం చూసి ఎవరంటారు? ఆ తర్వాత ఆయన రాకపోకలు తగ్గాయి, పరిశోధన వేరే చోటికి మారిందన్నారు. డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను ఎడమ చేత్తో రాయడం నేర్చుకుని బడిపంతులమ్మనయ్యాను. అక్షరాలు దిద్దించాను, పుస్తకాలు కూడా రాశాను. కాని ఒక్క సరళరేఖ గీయమంటే ఇప్పటికీ నా గీత వంకరపోతుంది, అది చూసినప్పుడల్లా లోపల ఏదో మండుతుంది. ఎడమ చేత్తో ఇంత చేశావే అని మెచ్చుకునేవాళ్లను చూస్తే మరీ మండుతుంది.

నాయిన గొంతు మిషన్లు కొన్ని గూడేలకు చేసిచ్చాడు. మెల్లగా తింటుందని కొందరు విసుక్కున్నారు, గొంతు పొట్టిగా కొయ్యమన్నారు. నాయిన వాళ్లను షెడ్డు మెట్లు ఎక్కనియ్యలేదు. తర్వాత జొన్నచేలు పోయి పత్తి వచ్చింది, పత్తి తర్వాత ఈ తోటలు. మిషన్లు తుప్పు పట్టాయి. నర్సింహ చేతికి వచ్చాక షెడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్లులే. చివరి ఏళ్లలో నాయిన వాకిట్లో కూర్చుని, దారిన పోయేవాళ్ల రెండు చేతులూ చూస్తూ ఉండేవాడు.

బద్ద చేతికి వచ్చాక నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు. "ఇంక ఒక్క మిషన్ నడుస్తున్నదక్కా, ముత్తయ్య పటేల్ గూడెంల. తినేటందుకని ఇంత జొన్న ఏస్తరు వాళ్లు" అన్నాడు నర్సింహ. వాడి బండి వెనక కూర్చుని పోయాను. ముత్తయ్య ఎప్పుడో పోయాడు. కొత్తల పండగ అయి వారమట, కళ్లంలో కంకుల రాశి, పక్కన మిషన్. నీలం రంగు వెలిసిపోయింది, దండ ఎండిపోయింది, గొంతు మాత్రం ఎవరూ కొయ్యలేదు. ఇన్నేళ్లలో ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదని ఒక ముసలామె చెప్పింది. నేను దూరంగా నిలబడి ఆ గొంతును చూశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, గర్వంగా అనిపించింది. నా చెయ్యి ఊరికే పోలేదనుకున్నాను.

అంతలో గొంతులో కంకులు పట్టేశాయి. ఇంజన్ శబ్దం మారింది. "రాధా, దా, పట్టింది" అని ఎవరో పిలిచారు. ముత్తయ్య మనవడి భార్య అట, నిలువెత్తు మనిషి, చేట పక్కన పెట్టి వచ్చింది. గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంది. భుజం నోటికి ఆనేదాకా వంగి, చెయ్యి మొత్తం గొంతులోకి దింపి, తిరుగుతున్న డ్రమ్ము దగ్గరి నుంచి పచ్చి కాడల ముద్దను వేళ్లతో లాగి బయట పారేసింది. లేని చెయ్యి నొప్పి పుట్టింది. నర్సింహ ఉరికి ఇంజన్ ఆపాడు.

"ఏందక్కా, ఏమైంది?" అంది రాధ, నా ముఖం చూసి.

"తిరిగేటప్పుడు లోపల చెయ్యి పెట్టినవ్."

"అవ్. పట్టినప్పుడల్లా నేనే తీస్త. ఇంజన్ బందు పెడితె మళ్ల మొదలువెట్టుడు కష్టం. మా గూడెంల నా చెయ్యొక్కటే అందుతది, అందుకే నన్నే పిలుస్తరు" అంది. కొంచెం గొప్పగానే అంది.

చెయ్యి చాపమన్నాను. ఎందుకని అడగకుండా చాపింది. బద్దను ఆమె చంకలో నర్సింహ ఆనించి పట్టుకున్నాడు, నేను రెండో కొసను సాగదీశాను. గాటు దగ్గరికి వచ్చేసరికి ఇంకా వేళ్లు మిగిలి ఉన్నాయి. గాటు దాటి, బద్ద దాటి, జొన్న పొట్టు అంటిన వేళ్లు. నేను బద్ద కొస వదిలి ఆ వేళ్లు పట్టుకున్నాను.

"ఎవరి కొలతక్కా ఇది?"

"నాదే."

ఆమె నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. "నువ్వు పొట్టిదానివి గదక్కా" అంది, నొచ్చుకుంటానేమోనని మెల్లగా.

నాకు నాయిన మాట గుర్తొచ్చింది, గీ ఒక్క చెయ్యి సాలు సారూ అని. అదే మాటకు ఇన్నేళ్లు ఎందుకు మురిసిపోయానో ఆ క్షణంలో నాకు తెలియలేదు. కోపం వచ్చింది ఆయన మీద. ఆయన బతికి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది, ఇది చూపించడానికి కాదు, ఒళ్లో తల పెట్టుకుని ఏడవడానికి. నర్సింహ గొంతు చుట్టూ తిరిగి చూస్తున్నాడు. ఇంకా పొడుగు చెయ్యాలి, రేపు గ్యాసు, రేకు పట్టుకొస్తానన్నాడు. "రేపు చేద్దురు గాని, ఇయ్యాల పని కానియ్యుండ్రి. మబ్బు పడుతున్నది" అంది ముసలామె. ఎవరో హ్యాండిల్ తిప్పారు, ఇంజన్ అందుకుంది. కాసేపటికే మళ్లీ శబ్దం మారింది.

"రాధా" అని పిలిచారు.

రాధ నా వంక చూసింది. మళ్లీ పిలిచారు. నేను ఆమె చెయ్యి వదలలేదు.